నూట డెబ్బై మీటర్ల కుళ్లు

"చంపాల్సింది ఎవర్ని సార్?"

"ఎవర్నీ కాదు. చదువుకోవాలి."

ఏజెంట్ నరేంద్రబాబు తను సరిగ్గా విన్నాడో లేదో అని కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. వెంకటాచలం దగ్గర హైవే పక్కన లారీలు తూచే కాటా ఒకటుంది. ఆ కాటా వెనక గదే డిపార్ట్‌మెంట్ వాళ్ల నెల్లూరు ఆఫీసు. బయట లారీ ఎక్కి దిగినప్పుడల్లా లోపల టేబుల్ వణుకుతుంది. చీఫ్ రంగనాయకులు టీ గ్లాసు ఒలక్కుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఫైల్ తెరిచాడు.

"జి.ఐ.ఎస్. అంటే తెలుసా?"

"మ్యాపులు గీయడం."

"గీయడం ఒక్కటే కాదు. నేల ఎత్తు, నీటి లోతు, చెట్టు, చేప, గట్టు, అన్నీ విడివిడి పొరలుగా కంప్యూటర్లో పేర్చి ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తారు. పర్యావరణం ఉద్యోగాలకి ఇప్పుడదే చదువు. మైపాడులో ఒక ట్రైనింగ్ సెంటర్ ఆరు వారాల కోర్సు పెట్టింది. డబ్బు ఒక విదేశీ ఫౌండేషన్‌ది. ఆ ఫౌండేషన్ వెనక ఉన్నది సీగల్ ముఠా."

నరేంద్రబాబు కళ్లు మెరిశాయి. సీగల్ ముఠా కోసం అతను మూడేళ్లుగా తిరగని రేవు లేదు.

చీఫ్ ఒక ఫోటో ముందుకి తోశాడు. ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటు, అక్కడివాళ్లు మొగ అంటారు, పైనుంచి తీసిన ఫోటో.

"ఈ ఏరెంట ఆరు కిలోమీటర్లు లోపలికి పోతే నేవీ వాళ్ల కొత్త రాడార్ స్టేషన్. లోపల నూట పదిమంది పనిచేస్తారు. ముఠా ప్లాన్ ఏమిటంటే, మనిషి లేని చిన్న స్పీడ్ బోటు నిండా పేలుడు పదార్థం నింపి ఈ మొగలోంచి పంపించడం. వాళ్లకి అడ్డు ఒక్కటే. మొగలో లోతున్న దారి ఇరవై మీటర్ల వెడల్పే. అటూ ఇటూ ఇసుక. పైగా తుఫాను వచ్చినప్పుడల్లా ఆ దారి జరుగుతుంది. దానికి మ్యాపు లేదు."

"ఇప్పుడు ఆ క్లాసులో ఎవరో తయారు చేస్తున్నారు."

"ఎవరో కనిపెట్టు. మ్యాపు బయటికి పోకూడదు. అక్కడ ఇన్‌స్ట్రక్టర్ ప్రేమలీల మన మనిషి. ముఠాలో ఉంటూ ఏడాదిగా మనకి కబుర్లు అందిస్తోంది. ఆమె 'మీ మ్యాప్‌కి స్కేల్ ఏదీ?' అంటుంది. నువ్వు 'ఉత్తరం గుర్తు పెట్టాను, చాలదా?' అనాలి."

వెళ్లేముందు సామాను అప్పగించారు. కెమెరా ఉన్న పెన్ను. మెసేజులు అందుకునే వాచీ. సాదా అద్దాల కళ్లజోడు. రమణయ్య అనే పేరుతో ఆధార్ కార్డు. వైరస్ వచ్చి చెరువులు ఎండగట్టాక ఉద్యోగం పోయి, ముప్పై తొమ్మిదేళ్ల వయసులో పర్యావరణం లైన్లోకి మారదామనుకుంటున్న రొయ్యల చెరువు సూపర్‌వైజర్ రమణయ్య.

"రివాల్వర్ సార్?"

"లాప్‌టాప్ ఇచ్చాంగా. అదీ బరువుగానే ఉంటుంది."

నరేంద్రబాబు గురించి ఒక మాట ముందే చెప్పుకోవాలి. గురి చూసి కాల్చడంలో ఫస్టు. మారువేషంలో ఫస్టు. ఇరవై రెండు మిషన్లలో ఇరవై రెండూ సక్సెస్. ఇంత వయసొచ్చినా ఎవరైనా తనని దాటిపోతే ఎలా ఉంటుందో ఆ మనిషికి తెలీదు. అలాంటివాడిని తీసుకెళ్లి క్లాసురూములో కూర్చోబెట్టారు.

మొదటి రోజు అందరికీ చేతి జి.పి.ఎస్. ఇచ్చి బీచిలో తలా పది పాయింట్లు కొలుచుకు రమ్మన్నారు. నరేంద్రబాబు అందరికన్నా ముందు ముగించి వచ్చి, అంకెలు కంప్యూటర్లో ఎక్కించి, కాలు మీద కాలేసుకున్నాడు. స్క్రీన్ మీద మైపాడు ఉంది. అతని పాయింట్లు లేవు. మ్యాపు చిన్నది చేశాడు. లేవు. ఇండియా మొత్తం కనబడేలా చేశాడు. లేవు. చివరికి నార్వేకి అవతల, ధ్రువపు ఎలుగుబంట్లు తిరిగే మంచుదీవుల్లో పది చుక్కలూ బుద్ధిగా కూర్చుని ఉన్నాయి.

పక్క సీట్లో బిందు అనే అమ్మాయి ఫక్కున నవ్వింది. క్లాసంతా వచ్చి చూసింది.

"అది అందరికీ అయ్యేదేలే అన్నా," అన్నాడు వెనక నుంచి ఒక కుర్రాడు. నల్లగా, సన్నగా, ఉప్పునీళ్లకి రంగు వెలిసిన చొక్కాలో ఉన్నాడు. "మనం బళ్లో అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత అని నేర్చుకున్నాం గదా. ఈ సాఫ్ట్‌వేర్‌కి రేఖాంశం ముందు ఇయ్యాల. నువ్వు పద్నాలుగు, ఎనభై తిప్పి కొట్టినావు. కాలమ్ మారిస్తే చాలు."

రెండు క్లిక్కుల్లో పది పాయింట్లూ మంచులోంచి లేచి మైపాడు ఇసుకలో వాలాయి. ఆ కుర్రాడి పేరు గణేష్. మైపాడు మత్స్యకారుల బిడ్డ. వయసు ఇరవై నాలుగు. నరేంద్రబాబు థాంక్స్ చెప్పాడు గానీ, ఆ మాట నోట్లోంచి రావడానికి చాలా కష్టపడింది.

అప్పుడే ప్రేమలీల క్లాసులోకి వచ్చింది. ముదురు నీలం చేనేత చీర, పొట్టి జుట్టు, నెత్తి మీదికి తోసిన నల్లకళ్లజోడు. ఆమె నరేంద్రబాబు స్క్రీన్ మీదికి వంగింది.

"మీ మ్యాప్‌కి స్కేల్ ఏదీ?"

"ఉత్తరం గుర్తు పెట్టాను," అన్నాడతను గొంతు సవరించుకుని. "చాలదా?"

"ప్రస్తుతానికి చాలు," అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఇరవై రెండు మిషన్ల మొనగాడు పదో క్లాసు పిల్లాడైపోయాడు. కానీ అది రెండు క్షణాలే. ఆమె పక్క కుర్చీకి జరిగి గణేష్ స్క్రీన్ చూసి, "అబ్బ! ఎంత శుభ్రంగా చేశావ్ గణేష్!" అంది. అక్కడ పావుగంట నిలబడిపోయింది.

నరేంద్రబాబు కడుపులో మంట మొదలైంది ఆ పావుగంటలోనే.

తర్వాతి ఆరు వారాలూ ఆ మంట చల్లారలేదు. మొదటి టెస్టులో గణేష్‌కి తొంభై ఆరు, రమణయ్యకి నలభై ఒకటి. ఉపగ్రహం ఫోటోలో మడచెట్లనీ, సర్వి అనే సరుగుడు తోటనీ వేరు చెయ్యమంటే గణేష్ చూడగానే చెప్పేవాడు. నరేంద్రబాబు రెండింటికీ పచ్చరంగు పూసి కూర్చునేవాడు. లాడ్జిలో తెల్లవారుజామున లేచి నోట్సు బట్టీ పట్టాడు. రెండో టెస్టులో అతనికి యాభై ఎనిమిది వచ్చింది. గణేష్‌కి తొంభై ఎనిమిది. ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయో అని క్లాసంతా గణేష్ మీద జాలిపడింది. నరేంద్రబాబు మధ్యాహ్నం అన్నం తినలేదు.

గణేష్ ఫైనల్ ప్రాజెక్టు ఉప్పుటేరు మొగ. మడ మొక్కలు ఎక్కడ నాటితే బతుకుతాయో చూపించే మ్యాపు. దానికి నీటి లోతులు కావాలి. రోజూ పొద్దున్నే నాన్న పడవలో పోయి, తాడుకి సీసం గుండు కట్టి లోతులు కొలుచుకొచ్చేవాడు. దారి ఈ ఏడాది ఎటు జరిగిందో తల్లి పేరమ్మని అడిగి రాసుకునేవాడు.

"ఇంత కష్టం దేనికోయ్?" అని నరేంద్రబాబు ఒకరోజు అడిగాడు. ఏజెంటుగా కూపీ లాగడానికే అనుకున్నాడు గానీ, అసలు సంగతి ఓర్వలేకే అడిగాడు.

"శుక్రవారం ఫైనల్‌కి తీర పర్యావరణం ఆఫీసు నుంచి ఆదిశేషమ్మ మేడమ్ వస్తుండారు గదన్నా. మ్యాపింగ్ అసిస్టెంట్ పోస్టు ఒక్కటే ఉండాది. ఎవురి మ్యాపు బాగుంటే వాళ్లకి." గణేష్ మౌస్ వదిలిపెట్టి తిరిగి కూర్చున్నాడు. "మా అమ్మావాళ్లు చేపలెండేసుకునే దిబ్బ ఉండాదే, మొగకి పడమటి ఒడ్డున, అది పాత మ్యాపులో 'ఖాళీ ఇసుక' అని ఉండాది. ఖాళీ అని రాసుంటే రేపు ఎవురైనా వచ్చి మమ్మల్ని లెయ్యమంటారు. మ్యాపు గీసే కాడ మావోడు ఒకడన్నా కూర్చోవాల. అంతే."

మంచి మాట. నరేంద్రబాబుకి ఆ మాట మంచిదని తెలుస్తూనే ఉంది. అందుకే ఇంకా మండింది.

ఆ సాయంత్రం సెంటర్ వరండాలో ప్రేమలీల అతని పక్కన నిలబడి గుసగుసగా అంది. "మొగ లోతులు కొలుస్తున్నది ఒక్క గణేషే. కన్నేసి ఉంచండి. నేనూ దగ్గరగా ఉండి చూస్తున్నాను."

దగ్గరగా ఉండటం నరేంద్రబాబు కూడా చూస్తున్నాడు. ఆమె గాజులు గణేష్ కీబోర్డు మీద గలగలలాడటం రోజూ లెక్కపెడుతున్నాడు. వెంటనే చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"అనుమానితుడు దొరికాడు సార్. గణేష్. మొగ లోతులు కొలుస్తున్నాడు."

"అది అతని హోమ్‌వర్క్ అని నువ్వే రాశావుగా పోయిన వారం?"

"మరీ శ్రద్ధగా చేస్తున్నాడు సార్."

"శ్రద్ధగా చదివితే అరెస్టు చెయ్యడానికి సెక్షన్ లేదయ్యా," అని చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

గురువారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి పోయారు. ల్యాబ్‌లో నరేంద్రబాబు ఒక్కడే మిగిలాడు. గణేష్ పాస్‌వర్డు అతని పెన్ను కెమెరాలో ఎప్పుడో పడింది. గణేష్ కంప్యూటర్ తెరిచి, మొగ మ్యాపు పైకి తీశాడు. లోతు దారి నీలంగా, ఇసుక లేత పసుపుగా, చేపలెండేసే దిబ్బ మీద "పేరమ్మ వాళ్ల దిబ్బ" అని చిన్న అక్షరాలు. ఎక్కడా ఒక గీత అటూ ఇటూ పోలేదు. అంత చక్కగా ఉన్న దాన్ని చూస్తే అతనికి ఒళ్లు మండిపోయింది.

ఇక్కడ ఒక పాఠం చెప్పుకోక తప్పదు. భూమి సరిగ్గా బంతిలా ఉండదు. దాన్ని కొలవడానికి ఒక్కో కాలంలో ఒక్కో అచ్చు తయారుచేసుకున్నారు. ఆ అచ్చునే డేటమ్ అంటారు. మన దేశపు పాత మ్యాపులు ఎవరెస్ట్ అనే డేటమ్‌లో ఉంటాయి. జి.పి.ఎస్. ఇచ్చే అంకెలు డబ్ల్యు.జి.ఎస్. అనే కొత్త డేటమ్‌లో ఉంటాయి. కొత్త అంకెలకి పాత పేరు తగిలిస్తే కంప్యూటర్ నోరెత్తదు. మ్యాపు మొత్తాన్ని పక్కకి జరిపేస్తుంది. నెల్లూరు తీరంలో అయితే నూట డెబ్బై మీటర్లు, పడమరకి. నాలుగో వారంలో ప్రేమలీల చెప్పిన పాఠమది. కోర్సు మొత్తంలో నరేంద్రబాబుకి పూర్తిగా అర్థమైన పాఠం అదొక్కటే.

డేటమ్ పేరు ఉన్న చోట నొక్కి, 'ఎవరెస్ట్' ఎంచుకున్నాడు. సేవ్ చేశాడు.

కావాలంటే ఫైలు స్వాధీనం చేసుకోవచ్చు. చీఫ్‌కి పంపొచ్చు. ఏజెంటు చేసే పని అది. అతను అదేం చెయ్యలేదు. రేపు ఆదిశేషమ్మ గారి ముందు గణేష్ మ్యాపులో ఏరు ఇసుక మీద పారుతుంటే క్లాసంతా నవ్వాలి. అతనికి కావలసింది అంతే. ఆ పోస్టు తనకి అక్కర్లేదు. తనకి వచ్చేదీ కాదు. అయినా వాడికి మాత్రం రాకూడదు. పని ముగించి బయటికొచ్చి, చాలా రోజుల తర్వాత చేపల పులుసుతో కడుపునిండా అన్నం తిన్నాడు.

శుక్రవారం పొద్దున పదింటికి ఆదిశేషమ్మ వచ్చింది. యాభై ఏళ్ల మనిషి, వెండిఫ్రేము కళ్లజోడు, ఎక్కువ మాట్లాడదు. ముందు బిందు మ్యాపు అయింది. తర్వాత గణేష్ లేచాడు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకొచ్చాడు.

మ్యాపు తెర మీద పడింది. వెనక ఉపగ్రహం ఫోటోలో ఏరు ఒక చోట ఉంది. గణేష్ గీసిన ఏరు దానికి పడమరగా, పొడి ఇసుక మీద నుంచి పోతోంది.

"ఇదేమిటి బాబూ?" అంది ఆదిశేషమ్మ. "ఏరుని గట్టెక్కించావా?"

క్లాసు నవ్వింది. గణేష్ తెర వంక చూశాడు, కీబోర్డు వంక చూశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఇట్ట లేదు మేడమ్. నిన్న పొద్దున ప్రేమలీల మేడమ్ చూసి, బాగుండాదని, సాయంత్రం ఐదింటప్పుడు ఫైలు తెరవకుండానే పెన్‌డ్రైవ్‌లో కాపీ గూడా ఏసుకున్నారు..."

నరేంద్రబాబు సంతోషం సరిగ్గా అక్కడిదాకా ఉంది. ఆ తర్వాత అతని నవ్వు ఆగిపోయింది.

ప్రేమలీలకి కాపీ దేనికి? మొగ మ్యాపు బయటికి పోకూడదని ఆమెకి తెలుసు. తనతో ఒక్క ముక్క చెప్పలేదు. గది చుట్టూ చూశాడు. ఫైనల్ రోజు ఇన్‌స్ట్రక్టర్ కుర్చీ ఖాళీగా ఉంది.

అప్పుడే వాచీ అదిరింది. చీఫ్ మెసేజు. "నడిసముద్రంలో ఓడ నుంచి మనిషి లేని బోటు దింపారు. మొగ వైపు వస్తోంది. పదకొండుంపావు పోటుకి చేరుతుంది. నేవీ అందుకోలేదు. స్టేషన్ ఖాళీ చేయిస్తున్నాం. మ్యాపు ఎలా పోయింది?"

టైము పది నలభై ఎనిమిది. ముఠా నుంచి డిపార్ట్‌మెంట్‌కి వచ్చిందనుకున్న మనిషి ఏడాదిగా డిపార్ట్‌మెంట్‌నే ఆడించింది. గణేష్ మీద ఆమె చూపించిన ప్రేమంతా ఆ లోతుల మీద ప్రేమ. తను మాత్రం ఆరు వారాలు గాజుల చప్పుడు లెక్కపెడుతూ కూర్చున్నాడు.

అయినా గుండె కాస్త కుదుటపడింది. ఆమె కాపీ తీసింది ఐదింటికి. తను డేటమ్ మార్చింది మధ్యాహ్నం. అంటే ముఠా చేతికి పోయింది చెడిపోయిన మ్యాపు. బోటు స్టేషన్‌కి చేరదు. లోతు దారి తప్పి నూట డెబ్బై మీటర్లు పడమరగా...

పడమటి ఒడ్డున ఏముంది?

నరేంద్రబాబు లేచి గణేష్ భుజం పట్టుకుని వరండాలోకి లాక్కెళ్లాడు.

"మీ అమ్మ ఇప్పుడెక్కడుంది?"

"దిబ్బ మీద. నెత్తళ్లు ఎండేస్తుండాది. ఏందన్నా?"

"నా పేరు రమణయ్య కాదు. నేను గవర్నమెంటు ఏజెంటుని. నీ మ్యాపు చూసుకుని పేలుడు బోటు ఒకటి మొగలోకి వస్తోంది. మ్యాపు ప్రేమలీల పంపింది." ఇక్కడిదాకా చెప్పడం తేలికే. మిగతాది చెప్పడానికి అతను తుపాకీ గుండుకి ఎదురెళ్లేటంత ధైర్యం తెచ్చుకోవాల్సి వచ్చింది. "అందులో డేటమ్ మార్చింది నేను. ఎవరెస్ట్ పెట్టాను. నిన్న మధ్యాహ్నం."

గణేష్ ఎందుకని అడగలేదు. అతని కళ్లు ఎటో చూస్తూ లెక్కవేశాయి. "నూట డెబ్బై పడమరకి... అంటే లోతు దారనుకుని దిబ్బకి కొట్టుకుంటాది." మరుక్షణం మెట్లు దూకి బైకు దగ్గరికి పరిగెత్తాడు. "అమ్మ ఫోను ఇంట్లోనే పెట్టి పోతాదన్నా! ఎక్కు!"

నాలుగు కిలోమీటర్ల ఇసుకబాట. రెండుసార్లు బైకు జారింది. ఒకసారి నరేంద్రబాబు కింద పడి, పరిగెత్తి మళ్లీ ఎక్కాడు. దిబ్బ చేరేసరికి పదకొండూ తొమ్మిది.

దిబ్బ మీద పన్నెండుమంది ఆడవాళ్లు ఉన్నారు. నెత్తళ్లనే తెల్లటి చిన్న చేపల్ని వలల మీద పరిచి చీపుర్లతో సర్దుతున్నారు. వాళ్లకి కాస్త దూరంలో, గొడుగు కింద, ప్రేమలీల. చేతిలో బైనాక్యులర్స్. లోతు దారికి దూరంగా, పొడి నేల మీద, తన లెక్కలో ఎంతో భద్రమైన చోటు చూసుకుని నిలబడింది.

నరేంద్రబాబుని చూడగానే ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పిస్తోలు బయటికి వచ్చింది.

"ఆలస్యమైంది రమణయ్యగారూ. ఇంకో ఐదు నిమిషాల్లో బోటు నా ఎదురుగా మొగలోకి పోతుంది. మీరేం చెయ్యలేరు."

"మీ ఎదురుగా కాదు. మీ మీదికి వస్తుంది."

"పాత ట్రిక్కు."

"మ్యాపులో డేటమ్ ఎవరెస్ట్. నేనే మార్చాను. మీరు కాపీ తీసుకోకముందే."

ఆ మాటకి అర్థం దిబ్బ మీద ముగ్గురికే తెలుసు. ప్రేమలీల ఎంతైనా టీచరు. ఆమె చూపు మొగ మీదికి పోయింది, తన కాళ్ల కిందికి వచ్చింది, మళ్లీ సముద్రం మీదికి పోయింది. మొహంలో రంగు దిగిపోయింది. గొడుగు వదిలేసి, చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని అందరికన్నా ముందు పరుగు తీసింది.

దూరంగా నీళ్ల మీద బూడిదరంగు బోటు కనబడింది. అలల మీద ఎగురుతూ తిన్నగా దిబ్బ వైపే వస్తోంది.

"అమ్మా! లెయ్యండి! అందురూ ఎనక్కి పొండి! బాంబుండాది!" గణేష్ గొంతు చించుకున్నాడు. ఆడవాళ్లు చీపుర్లు పారేసి పరిగెత్తారు. పేరమ్మ మాత్రం నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"మూడు రోజుల నెత్తళ్లురా నాయనా! ఇంకో ఎండకి అయిపోతాయి! వొదిలేసి యాడికి పోయేది?" అని వల కొసలు దగ్గరికి లాగి మూట కట్టడం మొదలుపెట్టింది.

గణేష్ ముసలావిడ ఒకామెని రెక్క పట్టుకుని నడిపిస్తున్నాడు. తల్లికి అరవై అడుగుల దూరంలో ఉన్నాడు. నరేంద్రబాబు వెనక్కి పరిగెత్తాడు. బోటు సర్రున ఇసుకలోకి ఎక్కి ఆగిపోయింది. ఇంజను ఇంకా గీపెడుతూనే ఉంది.

"ఆగిన నలభై సెకన్లకి పేలుతుంది!" దూరం నుంచి ప్రేమలీల అరిచింది. ఎవరికోసం అరిచిందో ఆమెకే తెలియాలి.

నరేంద్రబాబు ఇక మాటలు పెట్టుకోలేదు. పేరమ్మని అమాంతం భుజాన వేసుకుని పరిగెత్తాడు.

"ఎవుడ్రా నువ్వు? దించరా! నా చేపలు! దించరా సచ్చినోడా!" ఆమె చేతిలో చీపురు మిగిలే ఉంది. దాంతో అతని వీపు వాయించేసింది. ఆ మిషన్‌లో అతనికి తగిలిన దెబ్బలు అవే. సర్వి తోట గట్టు ఎక్కి అవతలికి దూకేసరికి వెనక దిబ్బ మొత్తం పైకి లేచింది. చెవులు గింగురుమన్నాయి. కాసేపు ఇసుక కురిసింది. తర్వాత నెత్తళ్లు కురిశాయి.

గణేష్ ఆడవాళ్లని లెక్కపెట్టాడు. పన్నెండు. మళ్లీ లెక్కపెట్టాడు. పన్నెండు. అప్పుడు ఇసుకలో కూలబడ్డాడు.

ప్రేమలీల గట్టు కింద చెప్పు తెగి పడి ఉంది. పిస్తోలు ఎక్కడో జారిపోయింది. నరేంద్రబాబు ఆమె చేతులకి తన బెల్టు చుట్టాడు.

"మూడేళ్ల ప్లాన్," అంది నోట్లో ఇసుక ఉమ్మేసి. "నన్ను ఎప్పుడు కనిపెట్టారు?"

"పది నలభై ఎనిమిదికి."

"మరి నిన్న మధ్యాహ్నం డేటమ్ ఎందుకు మార్చారు?"

నరేంద్రబాబు బెల్టు బిగించడంలో మునిగిపోయినట్టు నటించాడు. ఆమె అతన్ని చూసింది, అవతల గణేష్‌ని చూసింది. ఆ పరిస్థితిలో కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

"నా కోసమా?"

"సగం."

"మిగతా సగం?"

"మార్కుల కోసం."

గణేష్ అంతా విన్నాడు. లేచి వచ్చి నరేంద్రబాబు ఎదురుగా నిలబడ్డాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"నీకు కుళ్లు నా మీద గదన్నా," అన్నాడు. "దిబ్బ మీద ఉండింది మా అమ్మ."

ఇరవై రెండు మిషన్లలో ఎవరూ అతన్ని అంత సూటిగా కొట్టలేదు.

పన్నెండున్నరకి ఇద్దరూ ఒళ్లంతా ఇసుకతో క్లాసురూములోకి వచ్చారు. ఆదిశేషమ్మ ఫైళ్లు సర్దుకుంటోంది. నరేంద్రబాబు క్లాసు ముందు నిలబడ్డాడు. దేశరక్షణ కోసం అని ఒక్క మాట అంటే చాలు. ఎవరూ తిరిగి అడగరు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"గణేష్ మ్యాపు తప్పు కాదమ్మా. నిన్న మధ్యాహ్నం అతని పాస్‌వర్డు దొంగిలించి డేటమ్ మార్చింది నేను. నాకన్నా బాగా చేశాడని ఓర్వలేక మార్చాను. ఇంకే కారణమూ లేదు."

బిందు నోరు తెరిచింది. ఆదిశేషమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "సరిచేసి చూపించు బాబూ," అంది గణేష్‌తో.

గణేష్ సరిచేశాడు. ఏరు వచ్చి ఏట్లో పడింది. లోతులన్నీ సరిపోయాయి. మ్యాపులో దిబ్బ దగ్గర గణేష్ రాసిన చిన్న అక్షరాలు ఆదిశేషమ్మ రెండుసార్లు చదివింది. "ఈ పేరు మా ఆఫీసు మ్యాపులో లేదే," అంది. "వచ్చే సోమవారం వచ్చి నువ్వే ఎక్కించు."

అందరూ చప్పట్లు కొట్టారు. నరేంద్రబాబు కూడా కొట్టాడు. కడుపులో ఎక్కడో ఇంకా చిన్నగా మండుతూనే ఉంది. అంత తొందరగా పోయే జబ్బు కాదది. కానీ ఈసారి మండుతున్నా కొట్టాడు.

బయటికి వస్తుంటే గణేష్ గుమ్మంలో ఆగాడు. "ఫైలు సరిచేసేదానికి రెండు నిమిషాలు పట్టిందన్నా. నీతో మాట్లాడేదానికి ఎన్నాళ్లు పడతాదో చెప్పలేను. మా అమ్మ మాత్రం నిన్ను పిల్చుకురమ్మనింది. ఎత్తుకొచ్చినందుకు అన్నం పెడతాదంట. నెత్తళ్లు పోయినందుకు తిడతాదంట."

"ఏది ముందు?"

"తిట్లే ముందు," అని వెళ్లిపోయాడు గణేష్.

సోమవారం వెంకటాచలం కాటా వెనక గదిలో చీఫ్ రంగనాయకులు రిపోర్టు టైపు చేయించి సిద్ధంగా ఉంచాడు. మొహం వెలిగిపోతోంది.

"ఢిల్లీ నుంచి ఫోనొచ్చింది. శత్రువు చేతికే తప్పుడు మ్యాపు అంటగట్టిన ముందుచూపు! పతకానికి నీ పేరు రాశాను. కింద సంతకం పెట్టు."

నరేంద్రబాబు రిపోర్టు చదివాడు. చివరి పేజీలో 'చర్యకు ప్రేరణ' అని ఒక కాలమ్ ఉంది. అందులో దేశభక్తి అని టైపు చేసి ఉంది. పెన్ను తీసి ఆ మాట కొట్టేశాడు. పైన 'అసూయ' అని రాసి, సంతకం పెట్టి, కాగితం వెనక్కి తోశాడు.

బయట లారీ కాటా ఎక్కింది. టేబుల్ వణికింది. చీఫ్ నిట్టూర్చి పతకం సిఫార్సు కాగితాన్ని నిలువునా చింపేశాడు.

"ఇలా రాస్తే ఇవ్వరయ్యా. అసూయకి పతకాలివ్వడం మొదలెడితే, పతకం లేనివాడు డిపార్ట్‌మెంట్‌లో ఒక్కడూ మిగలడు."